ఎనిమిది సెకన్ల వయొలిన్: కంప్యూటర్లోకి ఆర్కెస్ట్రా ఎలా వచ్చి కూర్చుంది?

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు మొదటి బోనస్ పడింది. అప్పటికి ఇంకా పగలు కోడ్, రాత్రి ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్. ఫ్రెండ్ ఒకడు షార్ట్ ఫిల్మ్ తీసి, "క్లైమాక్స్‌కి పెద్ద ఆర్కెస్ట్రా కావాలిరా, థియేటర్ దద్దరిల్లాలి" అన్నాడు. షార్ట్ ఫిల్మ్‌కి థియేటర్ ఎక్కడిదిరా అని నేనూ అడగలేదు. ఒక డెమో వీడియో చూశా, ఒళ్లు పులకరించింది, బోనస్‌లో సగానికి పైగా పెట్టి ఒక పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీ కొనేశా. పీజీ వైఫైలో మూడు రాత్రులు డౌన్‌లోడ్ అయింది. నాలుగో రోజు వయొలిన్లు లోడ్ చేస్తే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హెలికాప్టర్ లాగా లేచింది. చెల్లోలు పెట్టా. హార్న్‌లు పెట్టా. స్క్రీన్ బిగుసుకుపోయింది.

తప్పు లైబ్రరీది కాదు. నాది. 8 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్. ఆ బాక్స్ మీద రాసిన ఒక్కో మాటా ఎందుకు రాశారో నాకు తెలీదు. రౌండ్ రాబిన్ అంటే ఏంటి, లెగాటో అంటే ఏంటి, మూడు మైక్ పొజిషన్లు నాకెందుకు, ఏదీ తెలీదు. తర్వాత చదువుకుంటూ పోతే అర్థమైందేంటంటే, ఆ ప్రతి మాట వెనకా ఎవరో ఒకళ్లు ఒక గోడకి తల బాదుకున్న కథ ఉంది. ఆ కథలు తెలిస్తే ఏది కొనాలో, ఏది కొనక్కర్లేదో దానంతట అదే తెలుస్తుంది. ఇవాళ ఆ కథలే చెప్తా.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. శాంపిల్ లైబ్రరీ అంటే నిజమైన మనుషులు నిజమైన వయొలిన్ మీద స, రి, గ ఒక్కోటి విడివిడిగా వాయిస్తే రికార్డు చేసి పెట్టిన ఫైళ్ల గుట్ట. మీరు కీబోర్డు మీద కీ నొక్కితే ఆ స్వరం ఫైలు మోగుతుంది. ఐడియా అంతే. కష్టమంతా దీన్ని మనిషి వాయించినట్టు వినిపించేలా చెయ్యడంలో ఉంది.

అసలు మొదలు కంప్యూటర్ కాదు, టేపు. 1940ల చివర్లో అమెరికా కాలిఫోర్నియాలో హ్యారీ చాంబర్లిన్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. బటన్ నొక్కితే టేపు మీద రికార్డు చేసిన ఆర్గన్ మోగుతున్నప్పుడు, ఒక్కో కీ కింద ఒక్కో టేపు పెట్టి వయొలినో ఫ్లూటో ఎందుకు మోగించకూడదు? చేశాడు. అమ్మడానికి బిల్ ఫ్రాన్సెన్ అనే సేల్స్‌మన్‌ని పెట్టుకున్నాడు. ఇక్కడ కథ సినిమా అవుతుంది. 1962లో ఆ సేల్స్‌మన్ రెండు చాంబర్లిన్ వాయిద్యాలు పట్టుకుని, ఓనర్‌కి చెప్పకుండా, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. సరిగ్గా ఒకేలా ఉండే 70 టేప్ హెడ్‌లు చేసిపెట్టే కంపెనీ కోసం వెతికాడు. బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్లీ అన్నదమ్ములు నడిపే చిన్న ఇంజినీరింగ్ కంపెనీ దొరికింది. వాళ్లు ఇది ఇతని సొంత ఐడియానే అనుకుని, మెరుగుపరిచి, 1963లో మెలోట్రాన్ అనే పేరుతో బయటికి తెచ్చారు. తర్వాత చాంబర్లిన్‌కి సంగతి తెలిసి పెద్ద గొడవ అయింది, చివరికి రాయల్టీ ఇచ్చేట్టు సెటిల్ చేసుకున్నారు. అంటే ఈ ఫీల్డ్ మొదలైందే కాపీ గొడవతో. ఇది గుర్తుపెట్టుకోండి.

మెలోట్రాన్ లోపల చూస్తే మెకానికల్ బ్రాంచ్ వాళ్లకి పండగ. ప్రతి కీ కింద ఒక టేపు ముక్క. కీ నొక్కితే టేపు తిరిగే రోలర్‌కి అతుక్కుని లాగబడుతుంది, హెడ్ మీదుగా వెళ్తూ మోగుతుంది, కింద ఒక డబ్బాలో పడుతుంది. వేలు తీస్తే స్ప్రింగ్ దాన్ని మళ్లీ మొదటికి లాగేస్తుంది. టేపు పొడవు ఎంతో అంతే మోత. సుమారు ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత మీరు కీ మీద ఏనుగుని కూర్చోబెట్టినా శబ్దం రాదు. మరి టేపుని ఉంగరంలా అతికించి తిరుగుతూనే ఉండేలా చెయ్యొచ్చు కదా? చెయ్యొచ్చు. కానీ అప్పుడు స్వరం మొదలయ్యే క్షణం, అంటే కమాను తీగ మీద పడే ఆ మొదటి గీర, పోతుంది. వాళ్లు ఆ గీర కోసం ఎనిమిది సెకన్ల హద్దుని ఒప్పుకున్నారు. నా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో మొదటి సరైన ఇంజినీరింగ్ నిర్ణయం ఇదే.

బీటిల్స్ వాళ్ల స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్ పాట మొదట్లో ఆ ఫ్లూట్ లాంటి శబ్దం విన్నారా? 1967లో వచ్చిన పాట. అది ఫ్లూట్ కాదు, మెలోట్రాన్ మీద పాల్ మెకార్ట్‌నీ వాయించింది. కొంచెం వణుకుతూ, కొంచెం పాత గోడ గడియారం లాగా. నిజమైన ఫ్లూట్‌లా లేదు కాబట్టే మనకి గుర్తుండిపోయింది.

అయితే అప్పుడే ఇంకో మాట కూడా మొదలైంది. బ్రిటన్‌లో వాద్యకారుల సంఘం మెలోట్రాన్ని చూసి భయపడింది. హోటళ్లలో, క్లబ్బుల్లో వాయించుకుని బతికే వాళ్ల పని ఈ పెట్టె లాక్కుంటుందని. అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. ఎనిమిది సెకన్ల పెట్టె ఎవరి పని లాక్కుంటుంది అని. మళ్లీ 1982లో అదే సంఘం లండన్ శాఖలో సింథసైజర్లని నిషేధించాలని తీర్మానం పెట్టారు. మళ్లీ నవ్వారు. ఈ దారం నేను చివర్లో పట్టుకుంటా, ఇప్పటికి పక్కన పెడదాం.

1979. ఆస్ట్రేలియా, సిడ్నీ. పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు కుర్రాళ్లు ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాయిద్యం బయటపెట్టారు. ఆ పేరు సిడ్నీ హార్బర్‌లో తిరిగే ఒక ఫెర్రీది. వాళ్లు మొదట చెయ్యాలనుకున్నది వేరే. శబ్దాన్ని లెక్కలతో, సున్నా నుంచి పుట్టించాలని. ఎంత చేసినా పియానో పియానోలా రాలేదు. విసుగొచ్చి నిజమైన శబ్దాన్నే రికార్డు చేసి మెమరీలో పెట్టారు. వాళ్ల దృష్టిలో అది షార్ట్‌కట్, దాదాపు చీటింగ్. మన భాషలో చెప్పాలంటే ఫార్ములా డెరైవ్ చెయ్యకుండా ఆన్సర్ బట్టీ పట్టడం. ఆ బట్టీయే ప్రపంచాన్ని మార్చేసింది.

ఒక్కో వాయిస్‌కి 16 కేబీ మెమరీ. అవును, కేబీ. మీ ఫోన్లో ఒక స్టిక్కర్ దీనికంటే పెద్దది. సెకనుకి 24 వేల శాంపిల్స్ తీసుకుంటే ఆ 16 కేబీలో ముప్పావు సెకను కూడా పట్టదు. అందుకే అందులో ఆర్కెస్ట్రా అంటే ఒక్క దెబ్బ. 'ఢామ్' అని. స్ట్రావిన్స్‌కీ 1910లో ఫైర్‌బర్డ్ అనే బ్యాలేకి రాసిన సంగీతంలోంచి కోసిన ఒక్క ముక్క ఫెయిర్‌లైట్ డిస్కుల్లో ఉండేది. 1982లో ఆఫ్రికా బంబాటా ప్లానెట్ రాక్‌లో ఆ ముక్క వాడాక, ఇక 80లన్నీ అదే దెబ్బ. పాత డబ్బింగ్ సినిమాల్లో విలన్ కారు దిగగానే పడే 'ఢామ్' గుర్తుందా? ఆ జాతి శబ్దమే.

ఆ తర్వాత పదేళ్లు మెమరీ రేట్లు తగ్గిన కథే. ఈమ్యూ వాళ్ల ఎమ్యులేటర్, ఎన్సోనిక్ మిరాజ్, 1988లో అకాయ్ ఎస్1000. ఎస్1000లో సీడీ క్వాలిటీ వచ్చింది కానీ మామూలుగా 2 ఎంబీ మెమరీ. స్టీరియోలో లెక్కేస్తే పన్నెండు సెకన్లు. పన్నెండు సెకన్లలో మొత్తం వయొలిన్ పెట్టాలి! ఎలా పెడతారు? మూడు నాలుగు స్వరాలే రికార్డు చేసి, మధ్యవి సాగదీసి, ప్రతిదాన్నీ చివర్లో లూప్ చేసి. లూప్ అంటే ఒక చిన్న ముక్క మళ్లీ మళ్లీ తిరగడం. వయొలిన్ వాయించే మనిషి చేతి వణుకు ఆ ముక్కలో ఇరుక్కుపోయి, గానుగెద్దు లాగా అక్కడక్కడే తిరుగుతూ వినిపిస్తుంది. 90ల సినిమా పాటల్లో స్ట్రింగ్స్ జాగ్రత్తగా వినండి, కొన్నింట్లో ఆ గానుగ దొరుకుతుంది.

ఈ ఇరుకులోనే మిరోస్లావ్ విటూష్ వచ్చాడు. ఈయన వెదర్ రిపోర్ట్ అనే ప్రఖ్యాత జాజ్ బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, బాస్ వాయిస్తాడు, చెక్ దేశస్తుడు. 90ల మొదట్లో సొంత ఊరు ప్రాగ్ వెళ్లి, చెక్ ఫిల్హార్మోనిక్ వాద్యకారులతో వాయిద్యాలన్నీ ఒక మంచి హాల్లో రికార్డు చేసి సీడీ-రామ్‌లుగా అమ్మాడు. ధర వేల డాలర్లలో. అయినా హాలీవుడ్ కొనుక్కుంది. ఎందుకంటే అందులో వాయించినవాళ్లకి ప్రాణం ఉంది. ఒక సంగీతకారుడు నిలబడి, "ఇది కాదు, మళ్లీ వాయించు, ఇంకొంచెం ప్రేమగా" అని చెప్పించి తీసిన రికార్డింగ్ అది. కొలతలు తర్వాత పెరిగాయి కానీ ఈ పాఠం ఇప్పటికీ అంతే. జీబీలు ఎక్కువున్నంత మాత్రాన మంచి లైబ్రరీ కాదు.

మెమరీ గోడ బద్దలైంది 1998లో. అమెరికా టెక్సాస్‌లో నెమెసిస్ అనే చిన్న కంపెనీ గిగాశాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఐడియా మీకు రోజూ తెలిసిందే. యూట్యూబ్‌లో వీడియో మొత్తం డౌన్‌లోడ్ అయ్యాకే మొదలవుతుందా? లేదు కదా. కొంచెం బఫర్ అయితే చాలు, చూస్తుండగా మిగతాది వస్తుంది. గిగాశాంప్లర్ చేసింది అదే. ప్రతి స్వరం మొదటి చిన్న ముక్క మాత్రం ర్యామ్‌లో పెట్టుకుంటుంది. మీరు కీ నొక్కగానే అది మోగుతుంది, అది అయిపోయేలోపు మిగతాది హార్డ్ డిస్క్ నుంచి లాక్కొస్తుంది. దీంతో ఒక్క పియానోనే ఒక జీబీ పైన చెయ్యగలిగారు. లూప్‌ల అవసరం చాలావరకు పోయింది.

ఇప్పుడు నా బోనస్ ఎందుకు మంటగలిసిందో చూడండి. ఆ మొదటి ముక్కలన్నీ ర్యామ్‌లో ఉండాలి. వేల ఫైళ్లు, ఒక్కోదాని మొదటి ముక్క, కలిపితే జీబీలు. అందుకే ర్యామ్ నిండింది. మిగతాది డిస్క్ నుంచి టైముకి రావాలి. తిరిగే డిస్క్ అన్ని ఫైళ్ల దగ్గరికి ఒకేసారి పరిగెత్తలేదు. అందుకే టిక్కు టిక్కుమని తెగింది. లైబ్రరీ కొనేముందు 4 వేలు పెట్టి ఎస్ఎస్‌డీ కొనుంటే నా కథ వేరేలా ఉండేది. మీలో ఎవరైనా ఇప్పుడు కొనబోతుంటే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్, ఆ తర్వాతే వయొలిన్లు.

సరే, జాగా దొరికింది. అప్పుడు అసలు సమస్య బయటపడింది. ప్రతి స్వరం విడిగా రికార్డు చేశారు. కానీ పాట అంటే స్వరాలు కాదండి, స్వరాల మధ్య దారి. స నుంచి గ కి వెళ్లేటప్పుడు వయొలిన్ వాయించే మనిషి వేలు తీగ మీద జారుతుంది, కమాను ఆగదు, ఆ మధ్యలో ఏదో జరుగుతుంది. శాంపిల్స్‌లో స ఆగిపోయి గ కొత్తగా మొదలవుతుంది. మెట్లు ఎక్కుతున్నట్టు.

దీన్ని పట్టుకున్నవాడు హెర్బ్ టుచ్‌మాండల్. చెల్లో వాద్యకారుడు, వియన్నా ఫిల్హార్మోనిక్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వాయించినవాడు, పక్కన కెమెరా పని కూడా చేసేవాడు. 2000లో వియన్నా సింఫోనిక్ లైబ్రరీ అనే కంపెనీ పెట్టాడు. ఊరి బయట శాంపిల్స్ కోసమే ఒక స్టూడియో కట్టించి దానికి సైలెంట్ స్టేజ్ అని పేరు పెట్టారు. అక్కడ స్వరాలనే కాదు, స్వరాల మధ్య దూకుళ్లని కూడా రికార్డు చేశారు. ప్రతి స్వరం నుంచి పైకి పన్నెండు, కిందికి పన్నెండు. ఒక్క వయొలిన్‌కి లెక్క వేద్దామా? సుమారు 44 స్వరాలు అనుకోండి, ఒక్కోదానికి 24 దూకుళ్లు, 1,056. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా అని మూడు స్థాయిల్లో అయితే 3,168. ఇదంతా ఒక మనిషి కూర్చుని, దగ్గకుండా, కుర్చీ కిర్రుమనకుండా వాయించాలి. ఇంకా వాయిద్యాలు ఎన్ని! 2002లో అది అమ్మకానికి వచ్చింది. మీరు స తర్వాత గ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ రెండింటి మధ్య దూరం చూసుకుని, ఆ దూకుడు ఫైలుని మధ్యలో అతికిస్తుంది. లైబ్రరీ బాక్స్ మీద 'ట్రూ లెగాటో' అని కనిపించే మాట వెనక ఉన్నది ఇదీ. మెలోడీ రాసేవాళ్లు మిగతా ఏది తగ్గినా ఇది తగ్గకుండా చూసుకోండి.

అదే కాలంలో ఇంకో చిన్న రోగానికి మందు వచ్చింది. ఒకే స్వరం టకటక పదిసార్లు కొడితే ఒకే ఫైలు పదిసార్లు మోగి మెషిన్ గన్‌లా వినిపించేది. మనిషి రెండుసార్లు ఒకేలా వాయించలేడు కదా. అందుకని ఒకే స్వరాన్ని మూడు నాలుగు సార్లు రికార్డు చేసి వంతులవారీగా మోగించడం. అదే రౌండ్ రాబిన్. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికలా దాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు, అంతకంటే అందులో ఏం లేదు.

వియన్నా వాళ్లు ప్రతిధ్వని లేని పొడి శబ్దం తీశారు. హాలు మీరే కలుపుకోండి అన్నారు. 2003లో ఈస్ట్‌వెస్ట్ వాళ్లు తిరగేసి ఆలోచించారు. నిజమైన కచేరీ హాల్లోనే, ప్రతి వాద్యకారుణ్నీ అతను ఆర్కెస్ట్రాలో కూర్చునే చోటే కూర్చోబెట్టి, దగ్గర ఒక మైకు, స్టేజి మీద ఒకటి, హాలు మధ్య ఒకటి పెట్టి తీశారు. పెట్టగానే సినిమాలా మోగుతుంది. నేను పడిపోయింది అలాంటి డెమోకే. కానీ తడి బట్టని ఆరబెట్టొచ్చు గానీ హాలు కలిసిపోయిన వయొలిన్ని పొడిగా చెయ్యలేం. పక్కన తబలా, వీణ, ఒక గొంతు పెట్టి దగ్గరగా వినిపించే పాట చేసుకునేవాళ్లకి ఆ హాలు అడ్డం వస్తుంది. గోడలు బద్దలయ్యే ట్రైలర్ మ్యూజిక్ చేసేవాళ్లకి అదే వరం. ఏది గొప్ప అని ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు, అర్థం లేని గొడవ. మీరేం పాట చేస్తున్నారన్నదే ప్రశ్న.

ఇక గబగబా చెప్పేస్తా. 2004లో గ్యారీ గ్యారిటన్ అనే ఆయన పర్సనల్ ఆర్కెస్ట్రా అని దాదాపు 250 డాలర్లకి మొత్తం ఆర్కెస్ట్రా ఇచ్చాడు, స్టూడెంట్లు మొదటిసారి ఊపిరి పీల్చుకున్నారు. 2007లో లండన్‌లో క్రిస్టియన్ హెన్సన్, పాల్ థామ్సన్ కలిసి స్పిట్‌ఫైర్ మొదలుపెట్టారు. పాత చర్చిని స్టూడియోగా మార్చిన ఎయిర్ లిండ్‌హర్స్ట్ హాల్లో రికార్డింగులు. బెర్లిన్‌లో ఆర్కెస్ట్రల్ టూల్స్ వచ్చింది. 2019లో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రానే కూర్చోబెట్టి స్పిట్‌ఫైర్ చేసిన లైబ్రరీ పెద్ద వెర్షన్ దాదాపు 600 జీబీ. మరుసటి ఏడాది దాని బుజ్జి వెర్షన్, డిస్కవర్, కొన్ని వందల ఎంబీలే, చిన్న సర్వే నింపి రెండు వారాలు ఆగితే ఫ్రీగా ఇచ్చారు. అదే ఆర్కెస్ట్రా, అదే గది. ఇంకా ఫ్రీ కావాలంటే అమెరికాలో ఐయోవా యూనివర్సిటీ 1997 నుంచి ప్రతిధ్వనే లేని గదిలో తీసిన స్వరాలు అందరికీ ఇస్తోంది. వర్సిలియన్ స్టూడియోస్ వాళ్ల కమ్యూనిటీ ఎడిషన్ కూడా పూర్తి ఉచితం. క్రాక్ వెర్షన్ల జోలికి ఎందుకెళ్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫ్రీవి మొత్తం వాడి అయిపోగొట్టిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మన సంగతికి వద్దాం. ఇవన్నీ పడమటి సంగీతం కోసం చేసినవి. పన్నెండు స్వరాలు, వాటి మధ్య దూకుళ్లు. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపు ఏ దూకుడు ఫైల్లోనూ లేదు. పిచ్ వీల్ తిప్పి ఊపొచ్చు కదా అంటారు. తిప్పి చూడండి, రబ్బరు సాగినట్టు ఉంటుంది. కారణం ఇదీ: నిజమైన వయొలిన్‌లో వేలు జారితే తీగ స్వరమే మారుతుంది, చెక్క పెట్టె మోగే తీరు మారదు. పిచ్ వీల్ తిప్పితే రికార్డింగ్ మొత్తం, పెట్టెతో సహా సాగుతుంది. అంటే వాయిస్తూ వాయిస్తూ వయొలినే చిన్నదీ పెద్దదీ అవుతున్నట్టు. చెవికి తెలిసిపోతుంది. నేను ఒక కర్ణాటక బిట్ కోసం మూడు వారాలు వీల్ తిప్పాక ఈ సంగతి నేర్చుకున్నా.

ఇప్పుడు ఇందాక పక్కన పెట్టిన దారం.

2003 మార్చి 7న న్యూయార్క్ బ్రాడ్‌వేలో వాద్యకారులు సమ్మెకి దిగారు. పెద్ద థియేటర్లలో కనీసం 24 నుంచి 26 మంది వాద్యకారులు ఉండాలని రూలు. నిర్మాతలు తగ్గించమన్నారు, ఒప్పుకోకపోతే వర్చువల్ ఆర్కెస్ట్రాతో షోలు నడుపుతామని మెషిన్లతో రిహార్సల్స్ కూడా చేశారు. నటులు, స్టేజి కార్మికులు వాద్యకారుల పక్కన నిలబడ్డారు, మ్యూజికల్స్ ఆగిపోయాయి. 11న రాజీ కుదిరింది. కనీసం సంఖ్య 18, 19కి దిగింది. 1960ల్లో ఎనిమిది సెకన్ల పెట్టెని చూసి భయపడ్డవాళ్ల మీద నవ్విన నవ్వు ఇక్కడ కొంచెం తగ్గింది.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగు పాటలు చాలాకాలం మద్రాసులోనే రికార్డయ్యేవి. ఒకే హాల్లో గాయకులు, వయొలిన్ల వరసలు, అందరూ కలిసి, ఒకళ్లు తప్పితే మళ్లీ మొదటి నుంచి. తర్వాత ట్రాకులు విడిపోయాయి, కీబోర్డులు వచ్చాయి, శాంపిలర్లు వచ్చాయి. రాజ్-కోటి దగ్గర కీబోర్డు పని చేసిన కుర్రాడు ఏ.ఆర్. రెహమాన్ 1992లో రోజాతో వచ్చాక ఇంటి స్టూడియో అనేది అందరి కల అయింది. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదండోయ్. 2008లో చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టి కొత్తగా స్ట్రింగ్స్ వాయించేవాళ్లని తయారు చెయ్యడం మొదలుపెట్టిందీ ఆయనే. ఇప్పుడు బడ్జెట్ ఉన్న సినిమాలు బుడాపెస్ట్‌లోనో మెసడోనియాలోనో ఆన్‌లైన్లో నిజమైన స్ట్రింగ్స్ రికార్డు చేయించుకుంటున్నాయి. బడ్జెట్ లేనివి శాంపిల్స్‌తో సరిపెట్టుకుంటున్నాయి. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే వడపళని, సాలిగ్రామం వైపు ఇళ్లు తీసుకుని రోజూ రెండు కాల్షీట్లు వాయించినవాళ్లు, ఆ మధ్యలోనే మిగిలిపోయారు.

అలాంటి ఒకాయన మా ఫ్రెండ్‌కి పెదనాన్న. ఇప్పుడు నెల్లూరులో ఉంటారు. షార్ట్ ఫిల్మ్ క్లైమాక్స్ ఎలాగో కిందామీదా పడి, ఒక్కో వాయిద్యాన్ని విడిగా ఆడియోగా మార్చుకుంటూ పూర్తి చేశాక ఆయనకి వినిపించాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు. మెచ్చుకుంటారని చూస్తున్నా. "బాగుంది నాన్నా. ఎంతమంది?" అన్నారు.

"పదహారు వయొలిన్లు అండి, శాంపిల్స్."

"ఊ. పదహారు మందీ కమాను ఎక్కడ మార్చారు?"

నాకు అర్థం కాలేదు. ఆయన చేత్తో చూపించారు. కమాను పొడవు ఇంతే, ఇంత నెమ్మదిగా లాగినా ఎక్కడో ఒకచోట వెనక్కి తిప్పాలి. నేను రాసిన ఆఖరి స్వరం ఇరవై రెండు సెకన్లు, గట్టిగా. ఒక్కచోట కూడా తిరగలేదు. మెలోట్రాన్‌కి ఎనిమిది సెకన్ల హద్దు ఉండేది, మనిషికి కమాను పొడవు హద్దు. నా ల్యాప్‌టాప్‌కి హద్దే లేదు, అందుకే ఊపిరి ఆడనట్టు ఉంది ఆ ముగింపు.

ఆయన్నే అడిగాం వాయించమని. వద్దన్నారు, వేళ్లు బిగుసుకున్నాయన్నారు, మర్నాడు ఉదయం ఫోన్ చేసి రమ్మన్నారు. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, ఒక్క మైకుతో తీశాం. పై వరస మెలోడీ ఒక్కటే, శాంపిల్స్ పైన. మూడు టేకులు. రెండో టేకులో వీధిలో కూరగాయల బండి మైకు పడింది. మూడోది ఉంచాం. ఒక్క నిజమైన వయొలిన్ పైన పడగానే కింద ఉన్న పదహారూ మనుషులైపోయాయి. ఇది నేను కనిపెట్టిన ట్రిక్ కాదు, పనిచేసే కంపోజర్లందరికీ తెలిసిందే. శాంపిల్స్ వెనక కూర్చోబెట్టి ముందు ఒకళ్లనో ఇద్దరినో నిజంగా వాయించమంటారు. మీ బడ్జెట్ 20 వేలు అయితే 15 లైబ్రరీకి కాకుండా, ఫ్రీ లైబ్రరీ వాడి ఆ డబ్బు అలా ఒక మనిషికి ఇవ్వండి. పాట కోసమే చెప్తున్నా, జాలి కోసం కాదు.

డబ్బు తీసుకోనన్నారు. మేం ఊరుకోలేదు. అప్పుడు లోపలికెళ్లి ఒక పాత డైరీ తెచ్చారు. ప్రతి రికార్డింగ్ అందులో రాసుకునేవారట: తేదీ, స్టూడియో, సినిమా, ఎంత ఇచ్చారు. 90ల మొదట్లో పేజీకి ఆరేడు వరసలు. తర్వాత పేజీకి రెండు. తర్వాత నెలకి ఒకటి. ఆ తర్వాత చాలా పేజీలు తెల్లగా ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని తెల్ల పేజీ ఒకటి తీసి తేదీ వేశారు. స్టూడియో అన్నచోట 'ఇల్లు' అని రాశారు. సినిమా పేరు అడిగారు. మావాడు చెప్పాడు. "దీంట్లో దీర్ఘం ఉందా?" అని అడిగి, సరిచూసుకుని రాసుకున్నారు.